చల్లారాకే కొలవాలి

పని అంటే ఏమిటి

మా పని గురించి బయటివాళ్లకు తెలిసింది ఒక్కటే. ఇనుము కోస్తారు, రవ్వలు లేస్తాయి, చేతులు నల్లబడతాయి. నేను సూరత్‌లో లేత్ మీద మొదలుపెట్టి, గ్రైండర్ మీద పండి, టూల్‌రూమ్‌లో రిటైరైనవాణ్ని. నన్నడిగితే ఈ పనిలో కోసేది తక్కువ, ఆగి చూసేది ఎక్కువ. ఒక ముక్క మీద నుంచి మిల్లీమీటరులో వెయ్యో వంతు తీయడానికి క్షణం చాలు. తీయాలా వద్దా అని తేల్చుకోవడానికే పొద్దు గడిచిపోతుంది. చెక్కింది మళ్లీ అతుక్కోదు కాబట్టి ఆ తేల్చుకోవడమే అసలు పని. అది ఇష్టమైనవాళ్లు రండి. ఇష్టం లేనివాళ్లు వేరే ఏదైనా చూసుకోండి, ఇద్దరికీ సుఖం.

కంప్యూటర్ మెషీన్లు వచ్చాక ఇంకా మనిషితో ఏం పని అని పిల్లలు అడుగుతుంటారు. బటన్ నొక్కే మనిషికి ఉద్యోగం ఉంటుంది, బటన్ నొక్కే మరో మనిషి దొరికేదాకా. మెషీన్‌ను పనికి సిద్ధం చేసే సెట్టర్, ప్రోగ్రాం రాసేవాళ్లు, కొలిచి బాధ్యత తీసుకునే ఇన్‌స్పెక్షన్ వాళ్లు, గ్రైండర్ మీద చివరి మెరుగు పెట్టేవాళ్లు, వీళ్ల కోసమైతే సూరత్ పక్కన సచిన్ పారిశ్రామికవాడలో శేఠ్‌లు ఇప్పటికీ వెతుక్కుంటూనే ఉన్నారు.

ఇంకో దారి ఉంది. నేర్పడం. దాని గురించి ఎవరూ చెప్పరు. పైగా పని చేతకానివాడే పాఠం చెబుతాడని ఎగతాళి. ఉత్త మాట. పని వచ్చినవాళ్లను నేను చాలామందిని చూశాను, నేర్పడం వచ్చినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఆ లెక్కలో నేనున్నానా లేదా అన్నది ఈ వ్యాసం చివర మీరే చెప్పండి.

మగ్గాల ఇంటి జబ్బు

మాది నేతపని ఇల్లు. జగిత్యాల వైపు నుంచి మా నాన్న సూరత్ వచ్చి సలాబత్‌పురాలో పవర్‌లూమ్ నడిపాడు. మగ్గాల ఇంట్లో పుట్టినవాడికి ఒక నియమం ఉగ్గుపాలతోనే వస్తుంది: మెషీన్ ఆగకూడదు. పోగు తెగితే ముడెయ్యి, నడిపించు. ఆగిన మగ్గం పక్కన నిలబడిన మనిషిని అందరూ ఒక చూపు చూస్తారు. ఆ చూపు భరించలేక మావాళ్లు జ్వరంలోనూ మగ్గం ఆపరు.

నేను మగ్గం వదలడానికి పెద్ద కారణమేమీ లేదు. ఒకసారి మగ్గంలో ఒక ఇనుప ముక్క అరిగిపోతే, కొత్తది చేయించడానికి కాంజీ మిస్త్రీ అనే గుజరాతీ ముసలాయన వర్క్‌షాపుకు వెళ్లాను. అరిగిన ముక్క చూసి, అరగకముందు అది ఎట్లా ఉండేదో ఆయన ఊహించి గీశాడు. లేనిదాన్ని ఎట్లా కొలిచాడబ్బా అని నాకు ఆ రోజంతా అదే ఆలోచన. పెళ్లయిన మనిషిని, సిగ్గు లేకుండా మర్నాడు వెళ్లి పని నేర్పమని అడిగాను.

ఆయన నేర్పే పద్ధతి ఒకటే. తప్పు చేస్తే తప్పని కూడా చెప్పడు. ముక్కను తిరిగి చేతిలో పెట్టి "ఫరీ జో" అంటాడు. మళ్లీ చూడు అని. ఎక్కడ చూడాలి, దేని కోసం చూడాలి, ఏమీ చెప్పడు. నాకు తల పగిలిపోయేది. కానీ అట్లా కనిపెట్టింది ఏదీ నేను మరిచిపోలేదు. అందుకే నేర్పడమంటే ఇదేనని నాకు గట్టి నమ్మకం కుదిరింది.

ఆయన దగ్గరే ఇంకో సంగతి గమనించాను. పొలాల ఇళ్ల నుంచి వచ్చిన కుర్రాళ్లు గ్రైండర్ ఆపి, బీడీ ముట్టించి, తీరిగ్గా కొలిచేవారు. మా మగ్గాల వాళ్లం మాత్రం చక్రం ఆగీఆగకముందే కొలిచి, తరవాతి ముక్క బిగించేవాళ్లం. మాకు అది చురుకుదనం. పనికి అది జబ్బు. దీనికి నేను పెట్టిన పేరే మగ్గాల జబ్బు.

శేఠ్ ఫోన్

నేను రిటైరై ఆల్థాన్‌లో ఇంట్లో కూర్చున్న కొన్నాళ్లకే కరోనా వచ్చింది. మొదటి లాక్‌డౌన్‌లో మనవాళ్లు ఎట్లా వీలైతే అట్లా ఊళ్లకు వెళ్లిపోయారు. తెరిచాక చూస్తే ఫ్యాక్టరీలున్నాయి, చేతులు లేవు. సచిన్‌లో వాటర్‌జెట్ మగ్గాల పంపులు చేసే జయంతీ శేఠ్ ఫోన్ చేశాడు. ఆ మగ్గాల్లో పోగును అడ్డంగా విసిరేది నీళ్ల ధార. ఆ ధారను తోసేది ప్లంజర్ అనే సన్నటి ఉక్కు కడ్డీ. అది తన గొట్టంలో ఎంత బిగువుగా, ఎంత నున్నగా ఆడితే బట్ట అంత బాగా వస్తుంది. ఒక రవ్వ వదులైతే నీళ్లు పక్కనుంచి కారి, ధార బలం తగ్గి, పోగు అవతలి అంచు చేరదు.

"మల్లేశ్‌భాయ్, బయటి దేశం ప్లంజర్లు రావడం లేదు. మగ్గాల వాళ్లు నన్ను పీక్కుతింటున్నారు. కొత్తవాళ్లు నలుగురొచ్చారు. వచ్చి నేర్పు" అన్నాడు. ఆయన మాట్లాడేది సగం హిందీ, సగం గుజరాతీ. నేను మన భాషలో రాస్తున్నాను.

వెళ్లిన మొదటి రోజే ఒక వింత చూశాను. కొలత పనిముట్లన్నీ ఒకరి చేతి నుంచి ఒకరికి మారతాయి కదా అని మేనేజర్ వాటి మీద శానిటైజర్ కొట్టించాడు. మైక్రోమీటర్లను సరిచూసుకునే ఉక్కు బిళ్లలు ఉంటాయి. అద్దంలా నున్నగా ఉంటాయి, వాటిని నూనె పూతతో పసిపిల్లల్లా కాపాడుకుంటాం. శానిటైజర్‌కు ఆ పూత పోయింది, మీద తడి చేతులు పడ్డాయి, వానాకాలం గాలి తగిలింది, బిళ్లల మీద తుప్పు చుక్కలు లేచాయి. మేనేజర్‌ను తిడదామనుకున్నాను గానీ, అప్పుడు అందరికీ ప్రాణభయమే. కొత్త బిళ్లలు తెప్పించి, చేతులు కడుక్కుని ముట్టుకోండి, ముట్టుకున్నాక నూనె రాయండి అని చెప్పి ఊరుకున్నాను.

చెయ్యి పట్టకుండా నేర్పడం

ఆ నలుగురిలో శిరీష ఒకతె. మనవాళ్ల అమ్మాయే. తండ్రి నర్సయ్య మగ్గాల మీద పనిచేసేవాడు. లాక్‌డౌన్ తర్వాత ఆయన షెడ్డు సగం తెరవలేదు. మొదటి రోజు కూతురిని బైక్ మీద దింపి, నన్ను పక్కకు పిలిచాడు.

"అన్నా, మేం మొత్తానికే ఊరికి పోదమనుకుంటున్నం. శేఠ్ దీన్ని పక్కా చేస్తె ఉంటం. లేకుంటె ఇది గూడ వాళ్ల మేనత్త కాడ బీడీలు చేస్తది. జర చూడు" అన్నాడు.

ఆ మాట ఆ అమ్మాయి వింది. తండ్రి వెళ్లాక, "బీడీలు చేసుడు తక్కువ పనని కాదు పెద్దబాపు. మా అమ్మ చేసింది. కానీ నాకు గీ మెషిన్ల కథ ఏందో సమజ్ చేసుకోవాలనుంది" అంది. అంతే, ఆ ఒక్క మాటతో నాకు నచ్చేసింది. ఈ పనికి కావలసింది ఆ కుతూహలమే. మిగిలినవి నేర్పవచ్చు.

కానీ నేర్పడం ఎట్లా? మైక్రోమీటర్ తిప్పేటప్పుడు ఎంత బిగించాలన్నది మాటలకు అందదు. బిగువు ఎక్కువైతే కొలత తక్కువ చూపిస్తుంది, వదులైతే ఎక్కువ చూపిస్తుంది. ఈ ఒక్కటి మాత్రం మాకు కాంజీ మిస్త్రీ తన చెయ్యి మా చేతి మీద వేసి తిప్పించేవాడు. ఇప్పుడేమో మూతికి మాస్కు, మధ్యలో ఆరడుగుల దూరం, నేల మీద సున్నంతో గీసిన గుండ్రాలు. గుండ్రం దాటితే మేనేజర్ ఈల వేస్తాడు. రెండు రోజులు అరిచి అరిచి నా గొంతు పోయింది తప్ప ఎవరికీ ఏమీ ఎక్కలేదు.

మూడో రోజు ఒక ఉపాయం తోచింది. "బిడ్డా, మగ్గం మీద పోగు బిగువు ఎట్ల చూస్తవ్?" అన్నాను.

"ఏలుతోని జర నూకుతం. తెగెటట్టు కాదు, తెలిసెటట్టు."

"గదే. గీడ గూడ గంతే. ఉక్కు తెలవాలె, నొక్కుకపోవద్దు."

ఆ అమ్మాయి కళ్లు మూసుకుని తిప్పింది. కొలత సరిగ్గా వచ్చింది. మళ్లీ తిప్పితే మళ్లీ అదే వచ్చింది. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. ఇన్నేళ్లు చెయ్యి పట్టి నేర్పామే, నిజంగా ఆ చెయ్యి అవసరమేనా అని ఆ రోజు మొదటిసారి అనుమానం వచ్చింది. ఎదుటి మనిషి చేతికి ఇదివరకే ఏం తెలుసో కనుక్కుంటే సగం పాఠం అయిపోయినట్టే. ఇప్పుడు పాఠాలు చెప్పడానికి వెళ్తున్నవాళ్లు ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి.

పరీక్ష ముక్కలు

శేఠ్ చెడ్డవాడు కాదు, మొహమాటం లేనివాడు. గ్రైండర్ మీద ఆడపిల్లను ఎప్పుడూ పెట్టుకోలేదు. "ఒక బ్యాచ్ ఆమెతో చేయించు. శనివారం చూస్తాను. పాసైతే ఉంటుంది, లేకపోతే వేరేవాళ్లను చూసుకుంటాను" అన్నాడు.

శిరీష ఆ వారం చేసిన వేగం చూసి పక్క మెషీన్ వాళ్లు నోళ్లు వెళ్లబెట్టారు. బిగించడం, రుద్దడం, కొలవడం, తీయడం, ఇంకోటి బిగించడం. ప్రతి ముక్కా కొలతకు సరిగ్గా ఉందని పళ్లెంలో పెట్టేది. నేను చూసి లోపల నవ్వుకున్నాను. మగ్గాల జబ్బు, అచ్చంగా అదే. గ్రైండర్ మీద రుద్దిన ఉక్కు వేడెక్కుతుంది. వేడెక్కితే ఉబ్బుతుంది. ఆ ఉబ్బును కలిపి కొలిచి సరిపోయిందనుకుంటే, చల్లారాక ముక్క సన్నబడుతుంది. కంటికి కనిపించేంత కాదు, కానీ ప్లంజర్‌కు ఆ కాస్తే ప్రాణం. ముక్కను చల్లారనిచ్చి కొలవాలి. కొలత దగ్గరపడుతున్నప్పుడైతే మెషీన్ ఆపి, వేచి ఉండి, మళ్లీ చూసుకోవాలి.

ఈ మాట చెప్పడానికి నాకు ఎంతసేపు? చెప్పలేదు. కాంజీ మిస్త్రీ నాలో కూర్చుని నోరు నొక్కాడు. తనంతట తను కనిపెడితేనే జన్మలో మరిచిపోదు అనుకున్నాను. అదే సమయంలో శనివారం దగ్గరపడుతోందనీ, ఆ పిల్ల వెనక ఒక ఇల్లు మూటాముల్లె కట్టుకుని కూర్చుందనీ తెలుసు. ఇంటికి వెళ్లి మా ఆవిడతో చెబితే, "నీకు తెలిసింది నీ కడుపుల పెట్టుకొని ఏం చేస్కుంటవ్?" అంది. ఆమెకు యంత్రాల సంగతి ఏం తెలుసులే అనుకున్నాను.

శుక్రవారం పొద్దున శిరీష తన ప్లంజర్లను గొట్టాల్లో వేసి చూసింది. మంచి ప్లంజర్‌కు నూనె రాసి నిలువుగా వదిలితే తన బరువుకు తనే మెల్లగా, కునుకు తీసినట్టు దిగుతుంది. శిరీషవి చాలావరకు టక్కున జారి అడుగున పడ్డాయి. ఆ పిల్ల ముఖం పాలిపోయింది.

"పెద్దబాపు, నిన్న కొలిచిన్నే. అన్ని బరాబర్ ఉండె. గిట్లెట్ల అయినయ్?"

"మళ్లొకసారి చూడు" అన్నాను. కాంజీ మిస్త్రీ మాటే తెలుగులో.

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. మెల్లగా దిగిన కొన్నిటిని వేరు చేసి ముందు పెట్టుకుంది. ప్రతి ముక్క మీద వరుస నంబరు మార్కర్‌తో రాసి ఉంది. వాటిని చూస్తూ కూర్చుని, తనలో తను గొణుక్కుంటూ, ఏ ముక్క దగ్గర ఏం జరిగిందో గుర్తు చేసుకోవడం మొదలుపెట్టింది.

"ఇది చేస్తుంటే కరెంట్ పోయింది. ఇది చేస్తుంటే వాచ్‌మన్ కాక బుఖార్ చూసేటందుకు పిలిచిండు. ఇది గూడ గంతే, పొద్దుమీకి బుఖార్ చూసేటప్పుడు." ఆ రోజుల్లో వాచ్‌మన్ పొద్దునొకసారి, సాయంత్రమొకసారి అందరినీ గేటు దగ్గరకు పిలిచి నుదుటికి తుపాకీ లాంటి యంత్రం పెట్టి జ్వరం చూసేవాడు. పని మధ్యలో వదిలి వెళ్లాల్సిందే.

బాగున్నవన్నీ పని మధ్యలో ఆగిన ముక్కలేనని శిరీషకు తట్టింది. తర్వాత గ్రైండర్ మీద ఒక ముక్క రుద్ది, తీసి, మణికట్టు లోపలివైపు ఆనించింది.

"ముక్కకే బుఖార్ ఉంది పెద్దబాపు" అంది.

ఆగకుండా గేటుకు పరుగెత్తి వాచ్‌మన్ యంత్రం అడుక్కొచ్చి ప్లంజర్‌కు గురిపెట్టింది. అది ఏవేవో అంకెలు చూపించింది, ఒకదానికొకటి పొంతన లేదు. చేతికి వెచ్చగా తెలుస్తుంటే యంత్రానికెందుకు తెలియడం లేదని నాకూ ఆశ్చర్యమే. మెరిసే లోహం తన వేడిని ఆ యంత్రానికి సరిగ్గా చూపించదట, నల్ల టేపు అంటిస్తే చూపిస్తుందట. అది తర్వాత ఎవరినో అడిగి తెలుసుకున్నాను. ఉద్యోగం పోయేలా ఉన్న ఆ పూట కూడా ఆ పిల్ల ఉద్యోగం సంగతి మరిచి తుపాకీతో ఉక్కుకు జ్వరం చూడడం, నేను చూసిన గొప్ప దృశ్యాల్లో ఒకటి.

శనివారం

కారణం దొరికింది గానీ ముక్కలు బాగుపడవు కదా. శనివారం శేఠ్ వచ్చి మంచివి ఎన్ని, చెడ్డవి ఎన్ని అని చూశాడు. చెడ్డవే ఎక్కువ. నేను ఏదో చెప్పబోయాను. శేఠ్ చెయ్యెత్తి ఆపి, ఆ అమ్మాయిని చూశాడు.

శిరీష దాచలేదు. హిందీలో ఉన్నదున్నట్టు చెప్పింది. వేడి మీద కొలిచాను, చల్లారాక సన్నబడ్డాయి అంది. తర్వాత శేఠ్ ముందే ఒక ముక్క రుద్ది, కొలతకు ఇంకా కాస్త ఉండగానే మెషీన్ ఆపేసింది. ఏమీ చేయకుండా నిలబడింది. శేఠ్ గడియారం చూసుకున్నాడు, మేనేజర్ దగ్గాడు, ఆ దగ్గుకు అందరూ ఒక అడుగు వెనక్కి జరిగారు. ఆ పిల్ల కదల్లేదు. చల్లారాక కొలిచి, మిగిలింది తీసి, మళ్లీ ఆగి, మళ్లీ కొలిచి, గొట్టంలో వదిలింది. ప్లంజర్ మెల్లగా దిగింది.

"బాగుంది. కానీ ఇన్ని పాడుచేసిన మనిషిని ఎందుకు పెట్టుకోవాలి?" అన్నాడు శేఠ్.

"కొత్తవాళ్లను తెచ్చుకుంటే వాళ్లూ మొదట ఇన్ని పాడుచేస్తారు శేఠ్. నేను పాడుచేయడం అయిపోయింది" అంది.

శేఠ్ నవ్వలేదు. వ్యాపారి కదా, ఆ మాటను లోపల తూచుకున్నాడు. "సోమవారం నుంచి రా" అని వెళ్లిపోయాడు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. మాస్కు పైకి లాక్కున్నాను.

సాయంత్రం గేటు దగ్గర తండ్రి బైక్ కోసం ఎదురుచూస్తూ శిరీష అడిగింది.

"పెద్దబాపు, నీకు ముందుగాలనే ఎర్కనా?"

"ఎర్కనే బిడ్డా."

"నేను చూడకపోతుంటి అనుకో. ఊరికి పోతుంటి. అప్పుడు గూడ చెప్పకపోతుంటివా?"

చెప్పేవాణ్నే అని నోటిదాకా వచ్చింది. నిజంగా చెప్పేవాణ్నో లేదో నాకే తెలియలేదు. నర్సయ్య వచ్చాడు, సంగతి విని నా చేతులు పట్టుకోబోయి, కరోనా గుర్తొచ్చి, దూరం నుంచే దండం పెట్టాడు. శిరీష బైక్ ఎక్కింది. సోమవారం మామూలుగానే మాట్లాడింది, ఆ ప్రశ్న మాత్రం మళ్లీ అడగలేదు.

ఆమె తరగతి

మరుసటి ఎండాకాలం కరోనా రెండోసారి విరుచుకుపడినప్పుడు నా వయసువాళ్లను గడప దాటనివ్వలేదు. కొత్త బ్యాచ్ వచ్చింది. నేర్పేవాళ్లు లేరు. శేఠ్ శిరీషను నేర్పమన్నాడు. ఆమె తరగతి ఎట్లా చెబుతుందో చూడాలని నాకు ఒకటే ఆత్రం. ఫోన్ ఒక డబ్బాకు ఆనించి పెట్టమన్నాను. ఆల్థాన్‌లో మంచం మీద కూర్చుని చూశాను.

మొదటి పూటే అంతా చెప్పేసింది. ఉక్కు వేడికి ఉబ్బుతుంది, చల్లారాక కొలవాలి అని. నాకు ఉసూరుమనిపించింది. ఇంకేముంది కనిపెట్టడానికి అనుకున్నాను. ఆ తర్వాత తలా ఒక పళ్లెం నిండా తుక్కు ప్లంజర్లు పెట్టింది.

"ఇవి ఖరాబ్ చేసేటందుకు. వేడి మీద కొలిచి చూడుర్రి, చల్లారినంక కొలిచి చూడుర్రి. ఎన్ని ఖరాబైనా మీ నౌకరికి దీనికి సంబంధం లేదు. శేఠ్‌ను అడిగే చెప్తున్న" అంది.

పిల్లలు ఆడుకున్నట్టు చేశారు. ఒకరు ఫ్యాను కింద పెట్టి చూశారు, ఒకరు నీళ్లలో ముంచి చూశారు, నేను ఎప్పుడూ అనుకోని ప్రశ్నలు అడిగారు. వాళ్లంతా మగ్గాల ఇళ్ల పిల్లలే. మధ్యాహ్నానికే అందరి చేతులూ వాటంతటవే మెషీన్ ఆపే బటన్ మీదికి పోతున్నాయి. నాకు నమ్మకం కుదరలేదు. తరగతి అయ్యాక ఫోన్‌లోనే అడిగాను.

"గింత జల్ది వాళ్లకు మగ్గాల జబ్బు ఎట్ల పోయింది బిడ్డా? నీకు వారం పట్టె కదా."

శిరీష మాస్కు కిందికి దించి, ఫోన్ దగ్గరకు తీసుకుంది.

"అది మగ్గాల జబ్బు కాదు పెద్దబాపు. ముక్క వేడున్నది నాకు చేతికి తెలుస్తనే ఉండె. వేడికి ఉబ్బుతదని తెల్వకున్నా, జర ఆగి చూద్దమనిపిస్తుండె. ఆపితె శేఠ్ చూస్తడు, ఉత్తగ నిలబడ్డదంటడు, పంపిస్తడు అని భయం. గా భయంతోని ఆపలే. వీళ్లకు గా భయం లేదు, గందుకే ఆపుతున్నరు."